మధ్యన నిలబడే మనుషులు

 

పట్టాలు అందుకుంటున్న విద్యార్థినీ విద్యార్థులారా, పల్నాటి కథ అనగానే అందరికీ కోడిపందెం గుర్తొస్తుంది. నేను మాత్రం ఇవాళ మీ వీరుల ఉత్సవాల్లో రెండోరోజు గురించి మాట్లాడతాను. తొలిరోజు రాచగావు, మర్నాడు రాయబారం. కోడిపందెంలో ఓడి వెళ్లిన ఏడేళ్ల వనవాసం ముగిశాక మలిదేవుల రాజ్యభాగం అడగడానికి అలరాజు గురజాల వెళ్లాడు. ఆయనది మలిదేవుల పక్షం, కానీ గురజాల ఏలుతున్న ప్రత్యర్థి నలగామరాజుకు అల్లుడు. రెండు వైపులా మాట చెల్లే మనిషి. తిరుగుదారిలో చర్లగుడిపాడు దగ్గర ఆయనకు విషం పెట్టి చంపారని కథ. ఆ తర్వాత మిగిలింది కారంపూడి కదనరంగమే. 12వ శతాబ్దిలో జరిగిందంటున్న ఈ యుద్ధగాథలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది వేరే చర్చ. అందులోని క్రమం నన్ను ఆలోచింపజేస్తుంది. పందెంలో ఓడినా, రాజ్యం వదిలిపోయినా, ఏడేళ్లపాటు యుద్ధం రాలేదు. ఇద్దరితోనూ మాట్లాడగల మనిషి పోయాకే కత్తులు లేచాయి. ప్రజాస్వామ్యం ఇంకా లేతగా ఉన్నచోట పౌర సమాజం చేయాల్సింది అలరాజు పని అనీ, ఆ చోటు ఖాళీగా ఉంటే ఎన్ని ఎన్నికలు జరిగినా ప్రజాస్వామ్యం గట్టిపడదనీ నా వాదన.

గణతంత్రానికి 75 ఏళ్లు దాటాక దీన్ని కొత్త ప్రజాస్వామ్యం అనవచ్చా అని మీరు అడగవచ్చు. ఢిల్లీ లెక్కలో పాతదే. ఊరి లెక్క వేరు. పంచాయతీలకు, వాటిలో మహిళల, దళితుల స్థానాలకు రాజ్యాంగ రక్షణ ఇచ్చిన 73వ సవరణ అమలులోకి వచ్చింది 1993లో. ఆ ప్రజాస్వామ్యం వయసు మీ వయసు కంటే మరీ ఎక్కువేం కాదు. అది ఎలా ఉందో చూడండి. 2021 మున్సిపల్ ఎన్నికల్లో మాచర్లలోని 31 వార్డులూ, పిడుగురాళ్లలోని 33 వార్డులూ ఏకగ్రీవమయ్యాయి. రెండు పట్టణాల్లో ఒక్కరంటే ఒక్కరు కూడా బ్యాలెట్ ముట్టుకోలేదు. ఏకగ్రీవమైతే తగవులు తప్పుతాయి, ఖర్చు తగ్గుతుంది అనేవాళ్లున్నారు. చిన్న ఊళ్లో అందరూ రచ్చబండ దగ్గర కూర్చుని, భయం లేకుండా ఒప్పుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. కానీ మూడేళ్లు తిరిగేసరికి, 2024 మే 13న, పోలింగ్ రోజున, ఏం జరిగింది? రెంటచింతల మండలం పాల్వాయి గేటు కేంద్రంలో ఓటింగ్ యంత్రాన్ని నేలకేసి కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది. మర్నాడు ఘర్షణలు ఈ కారంపూడికి పాకాయి. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసింది, కలెక్టరును బదిలీ చేసింది. మనస్ఫూర్తిగా ఏకమైన చోట మూడేళ్లలో ఇంత పగ పుట్టదు. ఏ పార్టీ తప్పెంత అన్నది కోర్టులు తేలుస్తాయి. నా బాధ వేరే. అంత గొడవలో రెండు వర్గాల ఇళ్లకూ వెళ్లి, రెండు చోట్లా కూర్చుని మాట్లాడగల సంఘం ఒక్కటి కూడా ఊళ్లలో కనపడలేదు. కేంద్ర బలగాలు వస్తే తప్ప అడ్డుపడే మనిషి లేకపోయాడు.

అలాంటి మనుషులు మన రాష్ట్రంలో పుట్టకపోలేదు. ఇక్కడికి దగ్గర్లోని గుత్తికొండ బిలం మీకు తెలుసు. 1969లో నక్సలైట్ నాయకుడు చారు మజుందార్ వచ్చి సమావేశం జరిపిన చోటు. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా నక్సలైట్ల తుపాకులకూ పోలీసుల ఎన్‌కౌంటర్లకూ మధ్య పల్నాడు నలిగిపోయింది. 1997లో ఎస్.ఆర్.శంకరన్ గారి నాయకత్వంలో పౌర స్పందన వేదిక ఏర్పడింది. శంకరన్ గారు పేదల పక్షాన పనిచేసిన ఐఏఎస్ అధికారి. 1987లో గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఎత్తుకుపోయిన అధికారుల్లో ఆయనా ఒకరు. బందీగా ఉండి వచ్చిన మనిషి ఆ అనుభవంతో పగ పెంచుకోలేదు, ఇరుపక్షాలకూ ఒకే ప్రశ్న వేశారు: మీ యుద్ధంలో చచ్చిపోతున్న మామూలు మనుషులకు మీరిచ్చే జవాబేమిటి? వేదిక సభ్యులు మృతుల ఊళ్లకు వెళ్లారు, ప్రభుత్వానికి రాశారు, అడవికీ రాశారు. ఇరువైపులా నిందలు పడ్డారు. ఏడేళ్ల ఓపిక తర్వాత, 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వం, మావోయిస్టులు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.

చర్చలు విఫలమయ్యాయి కదా అంటారు. నిజమే. 2005 జనవరికల్లా మాటలు ఆగాయి, తుపాకులు మళ్లీ పేలాయి. అయితే ఆ కొద్ది నెలలు భూమి గురించి, పౌర హక్కుల గురించి రాష్ట్రమంతా బాహాటంగా చర్చించుకుంది, చావులు తగ్గాయి. కొన్ని నెలలు బతికిన మనుషుల్ని వైఫల్యం ఖాతాలో రాయడానికి నాకు మనసొప్పదు. వీళ్లను ఎవరు ఎన్నుకున్నారు, ఏ హక్కుతో మాట్లాడతారు అన్నది ఇంకో అభ్యంతరం. ఇది గట్టి ప్రశ్న. ఎన్నిక కాని వాళ్లకు ఆజ్ఞాపించే హక్కు లేదు. శంకరన్ గారు ఎవరినీ ఆజ్ఞాపించలేదు. అడగడానికి, వినిపించడానికి, సాక్ష్యం చెప్పడానికి పౌరుడైతే చాలు. దాంతోపాటు తన లెక్కలు, తనకొచ్చే విరాళాలు బయటపెట్టే బాధ్యత కూడా సంఘానిదే. ఇతరులను జవాబు అడిగేవాడు తానూ జవాబు చెప్పాలి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం మన కళ్లముందే ఉంది. పల్నాడులో సంఘాలకు కొదవ ఏముంది? కులానికో సంఘం, హీరోకో అభిమాన సంఘం, వీధికో యువసేన. అవన్నీ ఉన్నా తలలు పగలడం ఆగలేదు. 1920ల జర్మనీలోనూ అంతే. పాటల బృందాల నుంచి వ్యాయామశాలల దాకా సంఘాలతో కిక్కిరిసిన సమాజం హిట్లర్‌ను ఆపలేకపోయింది. ఆ సంఘాలే నాజీలకు కార్యకర్తలను అందించాయని రాజనీతి శాస్త్రవేత్త షేరీ బెర్మన్ 1997లో రాసిన వ్యాసంలో చూపించారు. కాబట్టి ఎన్ని సంఘాలున్నాయని లెక్కపెట్టి సంతోషపడితే లాభం లేదు. ఆ సంఘంలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో చూడాలి. హైదరాబాదు, లక్నో సహా ఆరు నగరాలను పోల్చి అశుతోష్ వర్ష్నే 2002లో అచ్చువేసిన పుస్తకం తేల్చింది ఇదే: హిందువులూ ముస్లింలూ కలిసి నడిపే వ్యాపార సంఘాలు, కార్మిక సంఘాలు, పార్టీ శాఖలు బలంగా ఉన్నచోట పుకారు పుట్టినా అల్లరిగా మారడం కష్టం. ఎవరికి వారే పెట్టుకున్న సంఘాలు ఆ పని చేయలేవు. మలిదేవుల మంత్రి బ్రహ్మనాయుడి చాపకూడును ఇప్పటికీ వీరుల ఉత్సవాల్లో మందపోరు రోజున గౌరవంగా తలుచుకుంటారు. కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టడం ఆ కాలానికి గొప్ప సాహసం. అయితే ఆ చాప మీద కూర్చున్నది ఒక పక్షం సైన్యమే. గురజాల వాళ్లకు అక్కడ చోటు లేదు. మనకిప్పుడు కావలసింది రెండో పక్షానికీ ఆకు వేసే బంతి.

అది కుదిరే పనేనా అంటే, దక్షిణాఫ్రికాలో కుదిరింది. 1991 సెప్టెంబరులో జాతీయ శాంతి ఒప్పందం కుదిరాక చర్చిలు, కార్మిక సంఘాలు, వ్యాపారులు, పార్టీలు, పోలీసులు కలిసి స్థానిక శాంతి కమిటీలు పెట్టుకున్నారు. హింస పూర్తిగా ఆగలేదు. ఎన్నో ఊరేగింపులు, అంత్యక్రియలు మాత్రం రక్తం చిందకుండా జరిగాయి. 1994 ఎన్నికలకు దారి తెరుచుకుంది. మన దగ్గర నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మూయించినప్పుడు ఏ ఇంటి మగవాడు ఏ పార్టీ అని చూసుకోలేదు. అక్షరాస్యత తరగతుల్లో పక్కపక్కన కూర్చుని చదువుకున్న ఆడవాళ్లు కాబట్టి అది సాధ్యమైంది. 1993లో సారాను, 1995లో మొత్తం మద్యాన్ని ప్రభుత్వం నిషేధించింది. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు; అప్పటికి ఆ ఉద్యమ సంఘాలు చాలాచోట్ల చెదిరిపోయాయి. సంఘం నిలవకపోతే చట్టమూ నిలవదు.

ఫ్యాక్షన్ ఊళ్లో తటస్థంగా ఉంటే ఇద్దరికీ శత్రువవుతాం అని మీ పెద్దలు భయపడతారు. ఆ భయం ఉత్తిది కాదు, అలరాజు కథ సాక్ష్యం. అందుకే ఒంటరిగా వెళ్లొద్దంటాను. రెండు వర్గాల వీధుల నుంచీ, అన్ని కులాల నుంచీ పదిమంది పట్టభద్రులు కలిసి మొదలుపెట్టండి. గొడవల్లో కాదు, ఓటర్ల జాబితాతో మొదలుపెట్టండి. ముసాయిదా అతికించిన రోజు రెండు పార్టీల ఏజెంట్లనూ పక్కన కూర్చోబెట్టుకుని పేర్లు పైకి చదవండి. చనిపోయినవాళ్లెవరు, గుంటూరుకో హైదరాబాదుకో వలసపోయినవాళ్లెవరు, ఊళ్లోనే ఉన్నా తమ పేరు తీసేయమని ఎవరో ఫారం 7 పెట్టారని తెలియనివాళ్లెవరు అని ఇంటింటికీ వెళ్లి రాసుకోండి. ఆ కాగితం మీద రెండు పార్టీల వాళ్ల సంతకాలూ పెట్టించి బూత్ స్థాయి అధికారికి (బీఎల్వో) ఇవ్వండి.