సర్దారు కర్ర, కొత్త కార్మికుడి ప్రశ్న

భూపాలపల్లిలోని సింగరేణి కేటీకే బొగ్గు గనుల్లో తరాల తేడా ఇంట్లోంచే మొదలవుతుంది. సింగరేణిలో కార్మికుడు మరణించినా, జబ్బుతో పనికి అనర్హుడైనా, కారుణ్య నియామకం కింద ఆ ఇంటి బిడ్డకు కొలువు దొరుకుతుంది. తండ్రిది తట్టాచెమ్మస్‌తో, అంటే తట్టా పారలతో, బొగ్గు ఎత్తిన తరం. డిగ్రీ చదివిన కొడుకు బదిలీ వర్కర్‌గా, బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్ యంత్రాల మధ్యకు దిగుతాడు. అతనికి పని చెప్పేది తండ్రి ఈడు సర్దారు.

"చెప్పింది చెయ్" అంటాడు సర్దారు. "ఎందుకు?" అంటాడు కుర్రాడు. పేచీ అక్కడే.

శ్రోతలారా, పైకప్పు పరీక్షనే తీసుకోండి. సర్దారు కర్రతో కప్పును తడతాడు. ఖంగుమంటే రాయి పట్టుగా ఉన్నట్టు, బోలుగా మోగితే పొర విడిపోయినట్టు. ఏళ్ల తరబడి విన్న చెవికే ఆ తేడా చప్పున తెలుస్తుంది. కుర్రాడి చేతికే కర్ర ఇచ్చి రెండు చోట్లా తట్టించి వినిపిస్తే, ఆ "ఎందుకు"కు జవాబు అక్కడే దొరుకుతుంది. ఇంత ప్రాణావసరమైన విద్యను కసురుకుంటూ నేర్పడం తగదు.

1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం కొత్తవారు ముందు వృత్తి శిక్షణ కేంద్రం(వీటీసీ)లో శిక్షణ పొందాలి. అయితే మెళకువలన్నీ తరగతి గదిలో పట్టుబడవు, పెద్దల పక్కన నిలబడాల్సిందే. కంప్యూటర్‌లోకి మారిన రిపోర్టుల దగ్గర మాత్రం సర్దారుకు ఆ కుర్రాడే ఆసరా కాగలడు. షిఫ్టు మొదట్లో ఇలా ఒకరికొకరు నేర్పుకోడానికి ఒక ఐదు నిమిషాలు కేటాయిస్తే ఇద్దరికీ పని సులువవుతుంది.