బడి సంచిలో ఇన్సులిన్

(తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, మదరసా నిర్వాహకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





మన విద్య గురించి జరిగే సభల్లో స్కాలర్‌షిప్పులు, రిజర్వేషన్లు, హిజాబ్, ఉర్దూ టీచర్ల ఖాళీలు తప్పక ప్రస్తావనకు వస్తాయి. రావలసినవే. 6 నుంచి 14 ఏళ్ళ వయసు ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది బడిలో చేరనే లేదు, లేదా చేరి మధ్యలో మానుకున్నారు అని 2006లో సచార్ కమిటీ చెప్పిన మాటను మనం ఇప్పటికీ ఉటంకిస్తున్నాం. మానుకోవడానికి పేదరికం ఒక కారణమంటాం, వివక్ష ఒక కారణమంటాం. జబ్బు కారణంగా బడి మానిన బిడ్డ మాత్రం మన ఉపన్యాసాల్లోకి రాదు. ఈ రోజు ఆ బిడ్డ గురించే మాట్లాడదలచాను. నేను వైద్యుణ్ణి కాను. వైద్యుడు చీటీ రాసి ఇచ్చిన తరువాత ఆ చీటీ బడి గేటు దగ్గర ఏమవుతున్నదన్నదే నా విషయం.

రెండు జబ్బులను ఉదాహరణగా తీసుకుంటాను. మొదటిది టైప్-1 మధుమేహం.

ఇది పెద్దవాళ్ళకు వచ్చే షుగర్ వంటిది కాదు. మిఠాయిలు ఎక్కువ తిన్నందువల్ల రాదు, తల్లి సరిగా చూసుకోనందువల్ల అసలే రాదు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. అక్కడి నుంచి ఆ బిడ్డ బయటి ఇన్సులిన్ మీదనే బతకాలి. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ళ బాలుడికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు సోకిన పిల్లలు దాదాపు అందరూ మరణించేవారు. అందుచేత మాత్రలతో గాని, పసరు మందుతో గాని, తావీజుతో గాని ఇది సాగదు. దుఆ చేయండి, తప్పక చేయండి. ఇన్సులిన్ మాత్రం ఒక్క పూట కూడా ఆపకండి.

కొన్ని ఇళ్ళలో ఇన్సులిన్‌ను పంది నుంచి తీస్తారన్న సందేహం ఇంకా ఉంది. ఒకప్పుడు పందుల, పశువుల క్లోమం నుంచి తీసిన మాట నిజమే. ఇప్పుడు మందుల దుకాణాల్లో దొరికే ఇన్సులిన్ దాదాపు అంతా బాక్టీరియా లేదా ఈస్ట్ సాయంతో కర్మాగారంలో తయారైనదే. ప్రాణాపాయంలో షరీఅత్ ఇచ్చే వెసులుబాటు సంగతి ఇక్కడున్న ఆలిములు నాకంటే బాగా చెప్పగలరు.

ఇక బడి విషయం. సాధారణంగా ఈ పిల్లలకు రోజుకు మూడు నాలుగు సూదులు పడతాయి. వాటిలో ఒకటి మధ్యాహ్న భోజనానికి ముందు. అంటే ఆ సూది వేళ బడి వేళే. ఆ సూది ఎవరు వేస్తారు, ఎక్కడ వేస్తారు, ఇన్సులిన్ ఎక్కడ ఉంచుతారు అన్న ప్రశ్నలకు చాలా బడుల్లో ఒకటే జవాబు: మీరే వచ్చి వేసుకోండి. అందుకని తల్లి ప్రతిరోజూ డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడుతుంది. బీడీలు చుట్టుకునే తల్లి, ఇళ్ళలో పనిచేసే తల్లి ఎన్నాళ్ళు అలా నిలబడగలదు? ఒక సంవత్సరం చూస్తుంది. తరువాత, ఆడపిల్ల అయితే మరీ త్వరగా, చదువు ఆగిపోతుంది. బడి ఆ పిల్లను పొమ్మని ఒక్క మాట అనదు. రికార్డులో తల్లిదండ్రులే మాన్పించినట్టు ఉంటుంది.

దీనికంటే ప్రమాదకరమైనది చక్కెర పడిపోవడం. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, ఆకలి వేస్తుంది, చిరాకు, మగత కలుగుతాయి. క్లాసులో ఇది ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. నిద్రపోతున్నాడని, మొండికేస్తున్నాడని, పాఠం వినడం లేదని అనిపిస్తుంది. టీచర్ చేత బెత్తం ఉంటే దెబ్బ కూడా పడుతుంది. నిజానికి అప్పుడు చేయవలసింది చాలా చిన్న పని. సుమారు 15 గ్రాముల గ్లూకోజ్, అంటే దాదాపు మూడు చెంచాలు, నీళ్ళలో కలిపి తాగించి, పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. మరీ చిన్నపిల్లలకు డాక్టర్ చెప్పినంత. ఆ బిడ్డను ఒంటరిగా స్టాఫ్‌రూముకు పంపకూడదు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. చక్కెర ఎక్కువైనప్పుడు మాటిమాటికీ దాహం, మూత్రవిసర్జన తప్పవు. అప్పుడు బాత్రూముకు వెళ్ళడానికి అనుమతి అడిగించి నిలబెట్టడం క్రమశిక్షణ అనిపించుకోదు. ఇంతే. దీనికి నర్సు అక్కరలేదు, ఒక గంట శిక్షణ చాలు.

రెండోది తలసేమియా. తీవ్రమైన తలసేమియా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. హైదరాబాద్ శివరాంపల్లిలోని తలసేమియా అండ్ సికిల్‌సెల్ సొసైటీ వంటి చోటుకు జిల్లాల నుంచి వచ్చే కుటుంబాలకు రక్తం ఎక్కించే రోజు, ప్రయాణం కలిపి నెలకు రెండు మూడు రోజుల బడి పోతుంది. ఏడాదికి లెక్క వేయండి, హాజరు శాతం ఎక్కడ నిలుస్తుందో. రక్తం ఎక్కించే రోజు దగ్గరపడేకొద్దీ బిడ్డ నీరసిస్తుంది; ఆ వారంలో పరుగుపందెం పెడితే, పరీక్ష పెడితే వెనుకబడుతుంది. పైగా పదే పదే ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో ఇనుము పేరుకుంటుంది, దాన్ని తొలగించే మందు రోజూ వాడాలి. ఇది అంటువ్యాధి కాదు. పక్కన కూర్చున్న పిల్లవాడికి రాదు. ఈ మాట టీచర్ క్లాసులో ఒక్కసారి చెప్తే ఆ బిడ్డ పక్క సీటు ఖాళీగా ఉండదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచింది. తలసేమియా, హిమోఫిలియా, సికిల్‌సెల్ వ్యాధి ఆ జాబితాలో ఉన్నాయి. ఆ చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులు గాని, గుర్తింపు గాని పొందిన విద్యాసంస్థలు ఈ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి సదుపాయం కల్పించాలి. 40 శాతం, అంతకు మించిన వైకల్యం ధ్రువీకరించబడిన 6 నుంచి 18 ఏళ్ళ బిడ్డకు ఉచిత విద్య హక్కు 31వ సెక్షన్‌లో ఉంది. యూడీఐడీ కార్డు తీసుకోవడానికి సిగ్గుపడుతున్న కుటుంబాలను నేనెరుగుదును. మా అబ్బాయి వికలాంగుడు కాడు అంటారు. ఆ పదం మీద అలిగి హక్కు వదులుకుంటున్నారు.

టైప్-1 మధుమేహం ఆ జాబితాలో లేదు. ఉండవలసిందని నా అభిప్రాయం. అయినా చేతిలో ఏమీ లేకపోలేదు. బోర్డు పరీక్షల హాలులోకి ఈ పిల్లలు గ్లూకోజ్ బిళ్ళలు, పండ్లు, చిరుతిండి, నీళ్ళు తెచ్చుకోవచ్చని సీబీఎస్‌ఈ 2017లోనే అనుమతించింది. 2023 మార్చిలో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ రాష్ట్రాలకు లేఖ రాసింది. డాక్టర్ సూచన ఉన్న బిడ్డ బడిలో చక్కెర పరీక్షించుకోవడానికి, ఇన్సులిన్ వేసుకోవడానికి, మధ్యలో ఏదైనా తినడానికి అనుమతించాలని అందులో ఉంది. హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ లేఖ ప్రతి మీ చేతిలో ఉంటే మాట తీరు మారుతుంది. రాష్ట్ర బాలల హక్కుల కమిషన్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. తెల్లకాగితం మీద ఫిర్యాదు రాస్తే చాలు.

కొన్ని ప్రైవేటు బడులు ఇప్పుడు కొత్త పద్ధతి కనిపెట్టాయి. చేర్చుకుంటాం గాని, ఏమి జరిగినా మా బాధ్యత లేదని సంతకం పెట్టండి అంటున్నాయి. తండ్రి సీటు పోతుందన్న భయంతో పెట్టి వస్తున్నాడు. దయచేసి పెట్టకండి. బడి వేళల్లో బిడ్డ బడి అధీనంలో ఉంటుంది, ఒక కాగితంతో ఆ బాధ్యత తుడిచిపెట్టుకుపోదు. దాని బదులు ఇంకో కాగితం అడగండి. బిడ్డ జబ్బు పేరు, రోజువారీ మందు, ఏ వేళకు ఎంత, ప్రమాద సూచనలు, అప్పుడు చేయవలసిన పని, డాక్టర్ ఫోను, ఇంటివారి రెండు ఫోన్లు, బడిలో బాధ్యత తీసుకునే ఇద్దరు టీచర్ల పేర్లు. ఇద్దరు అని ఎందుకంటున్నానంటే, ఒకరు సెలవు పెట్టిన రోజే మందు బీరువా తాళం చెవి కూడా సెలవులో ఉంటుంది. కింద తల్లి లేదా తండ్రి, హెడ్మాస్టర్, డాక్టర్ సంతకాలు. ఇంగ్లండ్‌లో 2014 చట్టం తరువాత అనారోగ్యం ఉన్న పిల్లలకు తోడ్పడే ఏర్పాటు ప్రభుత్వ నిధులతో నడిచే బడుల యాజమాన్యాల విధి అయింది. అక్కడ ఒక్కొక్క బిడ్డకు ఇలాంటి పత్రమే రాసుకుంటారు. మనం రాసుకోవడానికి ప్రత్యేక చట్టం దాకా ఆగనక్కరలేదు.

ఇంతవరకు బడిని అన్నాను. ఇప్పుడు మన ఇళ్ళ గురించి. ఎంతమంది తల్లిదండ్రులు బిడ్డ జబ్బును బడికి చెప్తున్నారు? ముఖ్యంగా ఆడపిల్లకు షుగర్ అని తెలిస్తే రేపు సంబంధాలు రావన్న భయం. అది ఉత్త భయం కాదని నాకు తెలుసు. మన మొహల్లాల నోళ్ళు మూతపడవు. కాని దాచిన ఫలితం ఏమవుతుందంటే, పదమూడేళ్ళ పిల్ల బాత్రూములో దాక్కుని సూది వేసుకుంటుంది, లేదా మధ్యాహ్నం సూదే ఎగ్గొడుతుంది. కళ్ళు తిరిగి పడిపోయినప్పుడు చుట్టూ ఉన్న నలభైమందిలో ఒక్కరికీ కారణం తెలియదు. ఊరంతా చాటనక్కరలేదు. ఆ పత్రం మీద ఉన్న ఇద్దరు టీచర్లకు, పక్కన కూర్చునే ఒక స్నేహితురాలికి తెలిస్తే చాలు. గోప్యంగా ఉంచమని రాతపూర్వకంగా కోరే హక్కు మీకుంది.

తెలంగాణలో 2016 నుంచి మొదలైన మైనారిటీ గురుకులాలు ఇప్పుడు రెండు వందలకు పైగా ఉన్నాయి. మదరసాలలో హాస్టల్ ఉన్నవి ఎన్నో. రాత్రి కూడా పిల్లలు అక్కడే ఉంటారు కనుక ఇక్కడి బాధ్యత పగటి బడికంటే పెద్దది. చక్కెర నిద్రలో కూడా పడిపోతుంది. కాబట్టి రాత్రి వార్డెన్‌కు తెలిసి ఉండాలి. హిఫ్జ్ పిల్లలు ఫజ్ర్‌కు ముందే లేచి పాఠం వల్లిస్తారు, నాష్తా ఆలస్యమవుతుంది. ఇన్సులిన్ వేసుకున్న పిల్లవాడికి ఆ ఆలస్యం ప్రమాదం. ఉస్తాద్‌లు మన్నించాలి, 30వ అధికరణం మన సంస్థలను మనమే నడుపుకునే హక్కు ఇచ్చింది. జబ్బు ఉన్న బిడ్డను తిప్పి పంపడానికి ఆ అధికరణాన్ని అడ్డం పెట్టుకున్న సంస్థ ఇతర బడుల వివక్ష గురించి మాట్లాడే నైతిక హక్కు కోల్పోతుంది.

ఫ్రిజ్ లేదు గదా అంటారు. తెరవని ఇన్సులిన్‌కు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. వాడుకలో ఉన్నది 30 డిగ్రీలు మించని చోట సుమారు నాలుగు వారాలు ఉంటుంది. మన ఎండాకాలంలో గది వేడి అంతకు మించుతుంది. నీళ్ళు పోసిన మట్టికుండలో, తడి తగలని డబ్బాలో ఉంచితే వాడుకలో ఉన్న మందు చెడకుండా ఉంటుంది. వాడిన సూదులు మామూలు చెత్తలో వేయకుండా గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ సీసాలో వేసి ఆసుపత్రికి ఇవ్వాలి.

రమజాన్ గురించి ఒక మాట. రోగగ్రస్తుడికి ఉపవాసం నుంచి మినహాయింపు సూరా బఖరాలోనే ఉంది. అల్లాహ్ ఇచ్చిన ఆ వెసులుబాటును హాస్టల్లో తోటిపిల్లల ఎగతాళి లాగేసుకుంటున్నది. డాక్టర్ వద్దన్న పిల్లవాడు కూడా సిగ్గుపడి చాటుగా రోజా ఉంటాడు. డాక్టర్ అనుమతితో ఉన్నవాడు సైతం చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించవలసిందేనని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. వేలి కొస పొడిచి పరీక్షించుకుంటే రోజా పోదని ఆలిములు చెప్పారు. పోతుందనుకుని పరీక్షే మానేసే పిల్లలున్నారు. షాబాన్ నెలలోనే ఉస్తాద్ ఈ సంగతి అందరి ముందూ చెప్పి, మినహాయింపు ఉన్న పిల్లలకు మధ్యాహ్న భోజనం వేరుగా, మర్యాదగా పెట్టించాలి.

చివరగా మస్జిద్ కమిటీలకు. పరీక్ష పట్టీలు రోజుకు నాలుగు కావాలి, పేద కుటుంబం రెండుతో సరిపెడుతుంది, కొన్నాళ్ళకు అవీ మానేస్తుంది. జకాత్‌కు అర్హులైన ఇటువంటి ఇళ్ళు మీ మొహల్లాలో ఎన్ని ఉన్నాయో ఈ జుమాకు ముందే విచారించండి. నేను చెప్పిన పత్రం నమూనా ఉర్దూలోనూ తెలుగులోనూ అచ్చువేయించి ఆ బల్ల మీద ఉంచాం. వెళ్ళేటప్పుడు రెండేసి తీసుకోండి, ఒకటి బడికి, ఒకటి ఇంటికి. ఇప్పుడు ప్రశ్నలు అడగవచ్చు. వెనుక వరుసలోని అమ్మలతో మొదలుపెడదాం.