పరుల ప్రాణముపై బీమా



మా జిన్నారమున పాలసీ కాగితములు చదివించుకొనుటకు నా యొద్దకు వచ్చెడి పెద్దలు తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. “మేనల్లుడు బొల్లారము కర్మాగారములో రసాయనముల పనికి పోవుచున్నాడు. వాని పేర నేనే బీమా కట్టి, సొమ్ము నాకు వచ్చునట్లు వ్రాయించుకొనవచ్చునా, పంతులుగారూ?” అని.

మేనమామ యైనంతమాత్రమున ఆ యధికారము రాదు. ఎవని మరణముచేత మనకు ధననష్టము కలుగునో వాని ప్రాణముపైననే మనము బీమా చేయవలయును. ఈ సంబంధమును న్యాయవాదులు ఇన్సూరబుల్ ఇంటరెస్టు అందురు. బీమా చేయదగిన హితమని మనమనుకొందము. తన ప్రాణముపై తనకును, ఆలుమగలకు నొండొరులపైనను ఇది సహజముగనే కలదని యెంచబడును. అప్పిచ్చినవానికి బాకీ మేరకే కలదు. యజమానునికి పనివానిపై, వ్యాపారమున పాలివానికి పాలివానిపై కలుగవచ్చును. తక్కిన బంధువులు తమ పోషణము వాని సంపాదనపై నాధారపడియున్నదని చూపవలసియుందురు. కావున మేనల్లుడు తానే పాలసీ తీసికొనుట తిన్నని మార్గము. మామను నామినీగా వ్రాసినను, ఆ సొమ్ము వారసుల తరఫున పుచ్చుకొనువాడే గాని నామినీ సొంతదారు కాడని 1983లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. తలిదండ్రులు, భార్య లేక భర్త, సంతానము నామినీలైనచో సొమ్ము వారికే చెందునని 2015 నాటి సవరణ.

ఈ నిర్బంధమేల యనగా, 18వ శతాబ్దమున ఇంగ్లండులో జబ్బుపడిన ప్రముఖుల ప్రాణములపై సంబంధము లేనివారు బీమా పేరిట పందెములు కట్టిరి. రోగి యెప్పుడు పోవునాయని యెదురుచూచుటయే వారి వ్యాపారము! 1774లో చట్టము చేసి దానిని మాన్పిరి. మన 1938 నాటి బీమా చట్టమున ఈ హితమునకు నిర్వచనమే లేదు. అయినను పందెపు టొడంబడికలు చెల్లవని 1872 నాటి కాంట్రాక్టు చట్టము 30వ సెక్షను చెప్పుచున్నది. ఆ దారినే మన న్యాయస్థానములు నడచుచున్నవి.

ఎక్కడి ఇంగ్లండు, ఎప్పటి మాట యనకుడు. 2021లో నల్లగొండ జిల్లా పోలీసులు దామరచర్ల ప్రాంతపు ముఠా నొకదానిని పట్టుకొనిరి. రోగుల పేర, త్రాగుడు మరిగినవారి పేర పాలసీలు తీయించి, ప్రీమియము తామే కట్టి, పిదప వారిని చంపి రోడ్డు ప్రమాదములుగా చూపి సొమ్ము పంచుకొనిరని పోలీసుల యారోపణ. ఇల్లు కాలి యొకడేడ్చుచుండగా చుట్టకు నిప్పడిగినవానినే లోకము నిందించును. వీరు ఇల్లే తగులబెట్టిరి. కాగితముపై బీమా చేసికొన్నవాడు రోగియే, సంతకము వానిదే. కట్టిన చేయి మాత్రము వేఱు. ఊరివారు కనిపెట్టవలసిన దదియే: ప్రీమియము కట్టుచున్నది ఎవరు, తుదకు సొమ్ము చేరునది ఎవరికి?

పరులు కట్టిన ప్రీమియమెల్ల దోషమనరాదు. 2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వ మారంభించిన రైతుబీమాలో 18 మొదలు 59 ఏండ్ల లోపు పట్టాదారు రైతుల పక్షమున ప్రభుత్వమే జీవిత బీమా సంస్థకు ప్రీమియము చెల్లించినది. రైతు మరణించినచో 5 లక్షల రూపాయలు అతడు వ్రాసిన నామినీకే చేరును. కట్టిన ప్రభుత్వమునకు అందు చిల్లిగవ్వయు రాదు. మీ యిండ్లలో ఈ పత్రములున్నచో నామినీగా ఎవరి పేరున్నదో నేడే చూచుకొనుడు. పెండ్లికి ముందు వ్రాసినవి, చనిపోయినవారి పేర మిగిలినవి యనేకము కలవు. మార్పునకు వ్యవసాయ విస్తరణాధికారి నడుగవలయును.