కొండ దిగడం నేర్చుకున్నాను

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "కొండల వీరుడు" అని పరిచయం చేశారు. ఆ మాటకు మూడో వరుసలో మా ఆవిడ నవ్వడం మీలో కొందరైనా చూసే ఉంటారు. అసలు సంగతి ఆవిడకు తెలుసు. అదే చెబుతాను.

నేను 2019లో రిటైరయ్యాను. ముప్పై నాలుగేళ్ళు కుర్చీలో కూర్చుని ఫైళ్ళు చూసిన మనిషిని. మొదటి రెండేళ్ళూ కుర్చీ మారిందే తప్ప కూర్చోవడం మారలేదు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళితే ఒక అంతస్తు ఎక్కేసరికి ఆయాసం. బతికే ఉన్నానని సంతకం పెట్టడానికి ముందు రెండు నిమిషాలు రొప్పవలసి వచ్చింది! ఆ సిగ్గుతో 2021లో నడక మొదలుపెట్టాను. మొదట బీచి రోడ్డు, తర్వాత సింహాచలం మెట్లు, ఆ తర్వాత హనుమంతవాక దాటాక హైవే పక్కనున్న కంబాలకొండ అడవి దారులు. అక్కడే కుర్రాళ్ళు కొండదారిలో పరుగెత్తడం చూశాను. ట్రెయిల్ రన్నింగ్ అంటారట. మట్టిదారి, చెట్లనీడ, తారురోడ్డు మీది హారన్లు లేవు. నాకూ ఆశ పుట్టింది.

మూడో నెలలో ఒకరోజు వాళ్ళ వెనకాలే దిగుతూ పరుగెత్తాను. నలభై అడుగులు వేశానో లేదో, కాలికింద గులకరాళ్ళు జారాయి. ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు సిమెంటు కట్టు.

మా ఆవిడ ఒక్క మాట అనలేదు. బూట్లు తీసి అటకెక్కించింది. ఆవిడ భయానికి కారణం ఉంది. మా అన్నయ్య స్నానాలగదిలో జారిపడి, తుంటి ఎముక విరిగి, మళ్ళీ లేచి నడవకుండానే పోయాడు. ఏడు నెలలు ఆయనకు చేసిందంతా మా ఆవిడే. "మీరు పడితే చూడటానికి నాకు ఓపిక లేదండీ" అంది, కట్టు విప్పిన రోజున. అంతకంటే ఏమీ అనలేదు.

ఆ రాత్రి నాకొకటి తోచింది. అన్నయ్య కొండమీద పడలేదు, ఇంట్లో పడ్డాడు. పడటమన్నది మన వయసులో ఎక్కడైనా ఉంది. అడుగు ఎలా వేయాలో కాళ్ళకు మళ్ళీ నేర్పకపోతే ఇంట్లో కూర్చున్నా తప్పదు. మర్నాడు మా వీధిమెట్ల దగ్గర పాఠం మొదలెట్టాను. నాలుగే మెట్లు. పక్కన కమ్మీ పట్టుకుని, పైకి మామూలుగా ఎక్కి, దిగేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టుకు మూడు లెక్కపెట్టడం. పదిసార్లు చేసేసరికి తొడలు వణికాయి.

ఎందుకో ఫిజియోథెరపీ చేసిన అమ్మాయి చెప్పింది. ఎక్కేటప్పుడు పని గుండెకూ ఊపిరికీ ఎక్కువ. దిగేటప్పుడు ఆయాసం ఉండదు కనుక మనకు సులువనిపిస్తుంది. కాని తొడ ముందరి కండరం సాగుతూనే బ్రేకు వేయాలి. అలవాటు లేని ఆ పనికి రెండో రోజున, మూడో రోజున నొప్పులు వస్తాయి. కండరం అలసి బ్రేకు పట్టకపోతే ఆ బరువంతా మోకాళ్ళకు. కనుక కొత్తవాళ్ళు కొండ ఎంత ఎక్కగలరన్నది కాదు, ఎంత దిగగలరన్నది చూసుకుని వెళ్ళాలి.

నాలుగు నెలల తర్వాత బూట్లు అటక దిగాయి, మూడు షరతుల మీద. ఒంటరిగా పోకూడదు. ఎన్నింటికి వస్తానో చెప్పి వెళ్ళాలి, ఎందుకంటే కొండ మడతల్లో ఫోను అందదు. ఏడాదిపాటు దిగేటప్పుడు పరుగు నిషిద్ధం. మూడూ పాటించాను. ఆఫీసులో ఏ సర్క్యులరునూ అంత నిష్ఠగా పాటించలేదు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఎగుడు వచ్చిందంటే నడకే. పేరున్న కొండ పరుగువాళ్ళు కూడా నిటారు ఎగుడులో నడుస్తారు, సిగ్గుపడనక్కరలేదు. చదునుగా ఉన్నచోట ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి; మాట తెగితే వేగం ఎక్కువైనట్టు. దిగుడులో చిన్న చిన్న అడుగులు, మోకాళ్ళు కొద్దిగా వంచి. భయంతో వెనక్కి వాలితే మడమ జారుతుంది, నా మణికట్టు విరిగింది అలాగే. చూపు పాదాల మీద కాకుండా రెండు మూడు గజాల ముందు ఉండాలి. దృశ్యం చూడాలంటే ఆగి చూడండి.

బూట్ల అడుగున పట్టు కోసం పళ్ళుండాలి. దిగేటప్పుడు వేళ్ళు ముందుకు తోసుకొస్తాయి కనుక ముందు బొటనవేలంత చోటు వదలాలి. సాయంత్రంపూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనండి. ఖరీదు గడియారం అక్కరలేదు. పైగా మనలో చాలామంది బి.పి.కి అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటివి వాడుతుంటాం. ఆ మందులు నాడి వేగాన్ని పెరగనీయవు. గడియారం "బాగానే ఉంది" అంటుంది, మనిషి మాత్రం అలసిపోయి ఉంటాడు. గ్లిమిపిరైడో, ఇన్సులినో వాడేవారు ఖాళీ కడుపుతో కొండకు రావద్దు. జేబులో గ్లూకోజు తప్పనిసరి. మా జట్టులో ఒకాయన చెమటలు పట్టి, మాట తడబడి రాయి మీద కూలబడితే రెండు చెంచాల పంచదార ఆయన్ను నిలబెట్టింది. అంతకంటే ముందు డాక్టరుగారికి ఫలానా పని చేయబోతున్నానని స్పష్టంగా చెప్పండి. "వాకింగు" అని మాత్రం చెప్పి సర్దుకోవద్దు. ఛాతీ బిగిస్తే, ఎడమ చేయిగానీ దవడగానీ లాగితే, గ్యాసని సరిపెట్టుకోకుండా అక్కడే కూర్చుని 108కి చెప్పించాలి.

మా అల్లుడు నాకొక ఇంగ్లండు గొర్రెలకాపరి కథ చెప్పాడు. జాస్ నేలర్ అని, లేక్ డిస్ట్రిక్టు కొండల మనిషి. వయసులో ఉండగానే వెన్నుకు ఆపరేషను అయింది. 1986లో యాభయ్యోయేట 214 కొండలు ఏడు రోజుల చిల్లరలో చుట్టాడు. 2006లో డెబ్బయ్యోయేట 70 శిఖరాలు ఇరవయ్యొక్క గంటల లోపునే తిరిగాడు. 2024లో పోయాడు, ఎనభై ఎనిమిదేళ్ళకు. వినడానికి బాగుంది. కాని ఆయన చిన్ననాటినుంచి గొర్రెల వెంట ఆ కొండలే తిరిగాడు. అది జీవితమంతా కట్టిన ప్రావిడెంటు ఫండు. మనం మొన్న ఖాతా తెరిచినవాళ్ళం.

కిందటి ఏడాది ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణకు మా ఆవిడా నేనూ కలిసి బయలుదేరాం. మొత్తం ముప్పై రెండు కిలోమీటర్లు. సగందూరం నడిచాక ఆవిడ చాలంది, ఆటో ఎక్కాం. దిగేటప్పుడు నేను చేయి అందించబోతే "అక్కర్లేదు, నేను దిగగలను" అని కమ్మీ పట్టుకుని ఒక్కో కాలు నిదానంగా కిందపెట్టింది. మా వీధిమెట్ల మీద నాకంటే ఎక్కువ రోజులు సాధన చేసింది ఆవిడేనని నాకు అప్పుడు తెలిసింది.

మేం నలుగురం ఆదివారాలు కంబాలకొండ గేటు తెరిచే వేళకు అక్కడుంటాం. అటవీశాఖవారి టిక్కెట్టు కొని, వారు చూపిన దారిలోనే తిరుగుతాం. చిరుతలున్న అడవి కదా, పొద్దెక్కాకే లోపలికి. రాదలచినవారు సభ కాగానే కాఫీల దగ్గర పేరు చెప్పండి. మందుల చీటీ, నీళ్ళసీసా తెచ్చుకోండి. బూటు లేసులకు రెండు ముళ్ళు వేయండి. సెలవు.