గాలానికి వాసన పూస్తే చేప పడుతుందా?



మొన్న ఒకావిడ అడిగింది. "టీచరమ్మా, మా ఆయన కూలి డబ్బు పెట్టి ఎరకు పూసే వాసన సీసా తెచ్చాడు. దాంతో కొర్రమీను పడుతుందా?"

చేపకు ముక్కు ఉంది. దాంతో అది గాలి పీల్చదు. నీళ్లలో కరిగిన వాసనను పసిగడుతుంది. నూనె నీళ్లలో కరగదు గదా! అందుకే నూనె వాసన మనకు ఘుమఘుమలాడినా చేపకు అంతగా అందదు.

కంభం చెరువులాంటి పెద్ద చెరువుల్లో అన్ని రకాలూ ఉంటాయి. జెల్ల, వాలుగ మీసాలతో తడిమి, రుచి చూసి తింటాయి. వాటికి వాసన ఎర మంచిదే. శీలావతికి తవుడు, వేరుశనగ చెక్క ముద్ద చాలు.

కొర్రమీను అట్లా కాదు. అది వేటాడే చేప. కప్పపిల్ల కదిలితే చాలు, ఎగిరి పట్టుకుంటుంది. అమెరికాలో బాస్ అనే చేపా ఇంతే. అక్కడ రబ్బరు ఎరలకు వాసన పూస్తారు. ఆ వాసన చేపను దూరం నుంచి పిలవదు. నోట పట్టిన ఎరను వెంటనే ఉమ్మేయకుండా కాసేపు ఆపుతుంది. ఆ కాసేపట్లోనే గాలం లాగాలి. ఇంతకోసం కూలి డబ్బు పెట్టడం దండగని నేనంటాను.

వానలకు కొత్తనీళ్లు వచ్చి చెరువు బురదగా ఉంటే కొర్రమీనుకు కన్ను ఆనదు. అప్పుడు వానపాము గుచ్చమనండి. దానికి వాసనా ఉంది, కదలికా ఉంది. పెరట్లో తవ్వితే దొరుకుతుంది.