కార్మికుని కంచంలో పిండిపదార్థాలు

(జంషెడ్‌పూర్‌లోని తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలు, బదిలీలు, పింఛను గురించి మాట్లాడవలసిన వేదికపై బియ్యాన్ని గురించి, చోళ్ళను గురించి మాట్లాడటం కొందరికి వింతగా తోచవచ్చు. కాని ఒక్క క్షణం ఆలోచించండి. లోకో పైలటుకు నిర్ణీత వ్యవధిలో వైద్య పరీక్ష తప్పదు. మధుమేహం అదుపు తప్పి చూపు దెబ్బతిన్ననాడు అతనిని బండి నడిపే పని నుండి తప్పిస్తారు. చట్టం ప్రకారం ప్రత్యామ్నాయ ఉద్యోగం లభించినా రన్నింగ్ అలవెన్సు పోతుంది. ఏళ్ళ తరబడి నేర్చిన పని పోతుంది. కనుక ఆరోగ్యం మన జీతంలో ఒక భాగమే. దానిని గురించి చర్చించటం యూనియన్ బాధ్యత.

గింజలో ఏమున్నది?

ధాన్యపు గింజలో మూడు భాగాలున్నాయి: పైన తవుడు పొర, కొసన మొలక, నడుమ పిండి. పీచు, బి విటమిన్లు, ఖనిజాలు అధిక భాగం మొదటి రెండింటిలోనే ఉంటాయి. మిల్లులో పాలిష్ పట్టినప్పుడు అవి తొలగిపోయి పిండి భాగం మిగులుతుంది. గోధుమ నుండి తీసే మైదా సంగతీ ఇంతే. పంచదార మరొక మెట్టు ముందుకు పోయినది. దానిలో శక్తి తప్ప మరేమీ మిగలలేదు.

పీచుతో కూడిన గింజ నెమ్మదిగా జీర్ణమై, రక్తంలోకి గ్లూకోజును కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. పాలిష్ పట్టినది త్వరగా అరిగి, రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచుతుంది. మళ్ళీ త్వరలోనే ఆకలి వేస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలను చూడండి. నూరు గ్రాముల చోళ్ళలో పీచు సుమారు 11 గ్రాములు. తెల్ల బియ్యంలో 3 గ్రాములకు లోపు. చోళ్ళలో కాల్షియం 350 మిల్లీగ్రాములకు పైగా. తెల్ల బియ్యంలో 10 మిల్లీగ్రాములకు లోపు.

ఉత్తర సర్కారుల పాఠం

ఈ విషయంలో తెలుగువారికి ఒక చేదు చరిత్ర ఉన్నది. 1890వ దశకంలో జావా దీవిలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, పాలిష్ బియ్యం మాత్రమే తిన్న కోళ్ళకు బెరిబెరి వంటి వ్యాధి సోకటం, తవుడు పెట్టగా అవి కోలుకోవటం గమనించాడు. ఆ మార్గంలోనే తరువాత బి1 విటమిన్ బయటపడినది. ఆయనకు 1929లో నోబెల్ బహుమానం లభించినది. మన దేశంలో బెరిబెరి అధికంగా కనిపించిన ప్రాంతం ఏది? ఉత్తర సర్కారులే. అనగా, ఇక్కడున్న మనలో అనేకుల తాతముత్తాతల ఊళ్ళే! మిల్లులో పాలిష్ పట్టిన పచ్చి బియ్యాన్ని ఇష్టపడి తినటం దానికి ముఖ్య కారణం. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలలో ఆ వ్యాధి అంతగా లేదు. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని విటమిన్ కొంత గింజ లోపలికి చేరుతుంది. తరువాత పాలిష్ పట్టినా అంత సులభంగా పోదు. మెక్‌కారిసన్ 1918లో కూనూరులో ప్రారంభించిన బెరిబెరి పరిశోధనయే క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయినది.

శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనవారు, ఇరుగుపొరుగువారు తినే ఉస్నా బియ్యాన్ని చూచి వాసన అని ముఖం చిట్లిస్తారు. ఆ ఉస్నా బియ్యమే మన ఉప్పుడు బియ్యం. ఇక్కడివారి మడువాయే మన చోళ్ళు. మన అమ్మమ్మలు అంబలిగా కాచినదానిని వీరు రొట్టెగా కాలుస్తారు. పేదవారి తిండి అని మనం వదిలివేసినదే నేడు రంగుల పొట్లాలలో అధిక ధరకు అమ్ముడవుతున్నది. సంతలో విడిగా దొరికే పిండికి ఆ పొట్లం కంటే పోషకంలో లోటేమీ లేదు.

పని మారినది, కంచం మారలేదు

ఆవిరి యంత్రాల కాలంలో ఫైర్‌మన్ డ్యూటీ పొడుగునా పారతో బొగ్గు వేసేవాడు. అతడు తిన్న అన్నం చెమటగా కరిగిపోయేది. నేటి విద్యుత్ ఇంజనులో లోకో పైలట్ గంటల తరబడి కూర్చుని సిగ్నళ్ళపై దృష్టి నిలుపుతాడు. మనస్సుకు శ్రమ అధికం, కండరాలకు స్వల్పం. ఒకనాడు సంచీ మోసి మైళ్ళు తిరిగిన తపాలా ఉద్యోగి పదోన్నతిపై కౌంటరులో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. పని మారినది గాని కంచంలోని అన్నపు రాశి తగ్గలేదు. ఎండలో పట్టాల మీద పనిచేసే ట్రాక్‌మన్ సోదరునికి మాత్రం నేటికీ ఎక్కువ శక్తి కావలసినదే. అందరికీ ఒకే కొలత చెప్పటం అశాస్త్రీయం.

దేశంలో పది కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారని భారత వైద్య పరిశోధన మండలి ఇండియాబ్ అధ్యయనం 2023లో తెలియజేసినది. భారతీయులు తమ ఆహార శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుండే పొందుతున్నారని 2025లో అదే అధ్యయనం వెల్లడించినది. అందులో మరొక హెచ్చరిక కూడా ఉన్నది. మొత్తం పిండిపదార్థాలను తగ్గించకుండా, తెల్ల బియ్యం బదులు గోధుమపిండి, చిరుధాన్యాల పిండి తిన్నంత మాత్రాన మధుమేహపు ముప్పు తగ్గినట్లు కనబడలేదు. పిండిపదార్థాలలో కొంత భాగానికి బదులు పప్పుల వంటి మాంసకృత్తులు తీసుకున్నవారిలోనే ఆ ముప్పు తక్కువగా ఉన్నది. కనుక చోడి సంకటిని కొండంత తిని ఆరోగ్యం వచ్చినదనుకోవద్దు. పలుచగా కాచి బెల్లం కలిపిన చోడి జావ కూడా రక్తంలో చక్కెరను త్వరగానే పెంచుతుంది.

ఇంటిలో చేయదగినవి

మొదటిది: అన్నం కొంత తగ్గించి, ఆ మేరకు పప్పు, కూర పెంచండి. మిగిలిన అన్నంలో దంపుడు బియ్యమో, చోళ్ళో, సజ్జలో వంతులవారీగా చేర్చండి.

రెండవది: డ్యూటీకి బిస్కట్లు, సమోసాలకు బదులు ఉడికించిన శెనగ గుగ్గిళ్ళు గాని, ఈ ప్రాంతపు సత్తు గాని తీసుకుపొండి. వేయించిన శెనగలతో చేసిన సత్తులో నూరు గ్రాములకు సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. నీళ్ళు, ఉల్లిపాయ, నిమ్మరసం, చిటికెడు ఉప్పు చాలు. పొయ్యి అక్కరలేదు, ఇంజనులోనైనా, ఆర్.ఎం.ఎస్. పెట్టెలోనైనా కలుపుకొనవచ్చును.

మూడవది: టీ లెక్క చూచుకొండి. చక్కెర రోజుకు 25 గ్రాములకు, అనగా సుమారు ఆరు చెంచాలకు మించకుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. రెండేసి చెంచాలతో మూడు టీలు త్రాగితే ఆ వాటా అయిపోయినట్లే. రాత్రి డ్యూటీలో ఎన్ని త్రాగుతున్నామో మనకు తెలియనిది కాదు. రాత్రివేళ ఇన్సులిన్ పగటివలె సమర్థంగా పనిచేయదు. అదే భోజనం రాత్రి చేస్తే చక్కెర మరింత పెరుగుతుంది. కనుక డ్యూటీకి ముందే భోజనం ముగించి, నడిరాత్రి స్వల్పంగా తినటం మంచిది.

మధుమేహానికి మందులు, ఇన్సులిన్ వాడుతున్నవారు మాత్రం వైద్యుని సంప్రదించకుండా ఆహారాన్ని హఠాత్తుగా మార్చవద్దు. చక్కెర మరీ పడిపోవటం కూడా ప్రమాదమే.

యూనియన్ చేయవలసినవి

ఇంతటితో మన కర్తవ్యం తీరదు. ఇంట్లో ఇల్లాలు ఎంత శ్రద్ధగా వండి డబ్బా కట్టినా, దానిని తెరిచే తీరిక లేనప్పుడు ఏమి లాభం? బండి నడిపే సిబ్బందికి నిర్ణీత భోజన విరామం ఇవ్వటం ఆచరణసాధ్యం కాదని 2025లో రైల్వే బోర్డు నిర్ణయించినది. విరామం లేనివాడు ప్లాట్‌ఫారం మీద చేతికి దొరికిన పూరీనో, బ్రెడ్డునో మింగి పోతాడు. ఆ తప్పు అతని నాలుకది కాదు, డ్యూటీ పట్టికది.

మనమిప్పుడు సమావేశమైన ఈ నగరంలో, దేశంలో చట్టం రాకముందే, 1912లో ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం అమలులోకి వచ్చినది. అసాధ్యమన్నది ఇక్కడ సాధ్యమైనది. కనుక మూడు కోర్కెలను ప్రతి శాఖ చర్చించి తీర్మానించాలని కోరుతున్నాను. రన్నింగ్ రూములలో, క్యాంటీనులలో పప్పు, కూర, ముడి ధాన్యాల వంటకం ప్రతిపూటా ఉండాలి. రాత్రి విధులలో ఉన్న రైల్వే, తపాలా సిబ్బందికి భోజన విరామం లిఖితపూర్వకంగా ఉండాలి. ఏటా చక్కెర పరీక్ష ఉద్యోగికేగాక కుటుంబ సభ్యులకు కూడా జరగాలి.

మొదటి పని మన వంటింటిలో రేపటి నుండే ప్రారంభం కావచ్చును. రెండవది మనమందరం కలిసి సాధించవలసినది. ఒకటి జరుగుతున్నదని మరొకటి మానవద్దని మనవి చేస్తూ, సెలవు తీసుకుంటున్నాను.