పోయినోడి పాట, ఉన్నోడి పాట

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలో ఇంజనీరు కదా, ఉద్యోగాల గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ మాటలు వాళ్ళ ఫోన్లలోనే కావలసినన్ని దొరుకుతాయి. అందుకని కమిటీవారి అనుమతితో వేరే సంగతి మాట్లాడతాను. ఒక రకం పాట పాతికేళ్ళుగా నాతోపాటు నడుస్తోంది. దాని పేరు పాప్ పంక్. పేరు వినగానే వెనక వరసలో పెద్దవాళ్ళు మొహాలు చూసుకుంటున్నారు. కంగారు పడకండి, పాడి వినిపించను.

నాది 1987 పదో తరగతి బ్యాచ్. అప్పట్లో మన చెవికి పాట మూడు దారుల్లో వచ్చేది. మొదటిది రేడియో. విజయవాడ కేంద్రం ఉండేది, సిలోన్ ఉండేది. షార్ట్ వేవ్ మీద వచ్చే పాట అలలాగా లేచేది, పడేది. ఆకాశంలో చాలా ఎత్తున ఉండే ఒక పొర ఆ తరంగాలను కిందికి తిప్పి పంపుతుందనీ, ఆ పొర కదిలితే మన పాటా కదులుతుందనీ తర్వాత ఇంజనీరింగులో చదువుకున్నాను. రెండోది మైకు సెట్టు. పెళ్ళికీ శ్రీరామనవమికీ వేపచెట్టుకు కట్టిన బూర. మూడోది తిరునాళ్ళలో పలకలు. పలకల మోతకు కడుపులో పేగులు కూడా అదిరేవి. నిలబడి చూద్దామనుకున్నవాడి కాళ్ళు కూడా ఆడేవి.

పొగాకు రోజుల్లో బ్యారన్ దగ్గర రాత్రి కాపలా ఎంతమంది కాశారో ఇక్కడ? చేతులెత్తండి. చూశారా, సగం సభ. వేడి నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి. కునుకు పడితే ఆకు పాడవుతుంది. ఆకు పాడయితే ఆ ఏడు అప్పు తీరదు. అందుకని రేడియో వచ్చినంతసేపూ రేడియో, అది ఆగిపోయాక మనమే పాడుకోవడం. పాడుకునేవి ఎక్కువగా బాలుగారి పాటలే. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 1946లో అప్పటి మన నెల్లూరు జిల్లా కోనేటమ్మపేటలో పుట్టారు. ఇంజనీరింగులో చేరి, జబ్బు చేసి, మధ్యలో మానేశారు. 1966లో సినిమాకు తొలి పాట పాడారు. మన జిల్లావాడు మద్రాసు పోయి అంతవాడయ్యాడంటే మనమూ ఎక్కడికో పోవచ్చు అనిపించేది.

ఆ 'పోవడం' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. వాన కోసం ఎదురుచూసే మెట్ట ఊళ్ళో చదువు అంటే పోవడమే. కాలవ కింద ఊళ్ళ సంగతి నాకు తెలియదు. మన ఉదయగిరి వైపు మాత్రం తెలివైన పిల్లవాణ్ణి చూసి పెద్దవాళ్ళు అనే మాట ఒకటే: 'వీడు ఇక్కడ ఉండడులే.' అది దీవెన. నాకూ ఆ దీవెన దొరికింది. కావలిలో ఇంటర్, తిరుపతిలో ఇంజనీరింగు, హైదరాబాదులో ఆరేళ్ళ ఉద్యోగం, 1999లో అమెరికా.

అది వైటూకే కాలం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతోనే రాశారు. 2000 వస్తే కంప్యూటరు దాన్ని 1900 అనుకునే ప్రమాదం ఉంది. ఆ అంకెలు సరిచేయడానికి మనవాళ్ళు వేలమంది వెళ్ళారు. వాళ్ళలో నేనొకణ్ణి. నలుగురం ఒక అపార్టుమెంటులో ఉండేవాళ్ళం. రోజూ గంటసేపు కారు ప్రయాణం. కారులో రేడియో పెడితే ఒక మోత వినిపించేది. గిటారు గరగరలాడుతోంది, డ్రమ్ములు పరిగెడుతున్నాయి, గొంతు ముక్కులోంచి వస్తోంది. మాట సగం అర్థం కాలేదు. కానీ స్టీరింగు మీద వేళ్ళు వాటంతట అవే కొట్టుకుంటున్నాయి. పలకలు గుర్తొచ్చాయి.

ఇప్పుడు పిల్లల కోసం ఆ పాట ఎలా పనిచేస్తుందో చెబుతాను. ఆ గిటారు శబ్దాన్ని కావాలనే హద్దు దాటించి గరుకుగా చేస్తారు. అలాంటి శబ్దంలో ఎక్కువ స్వరాలు కలిపి మీటితే అంతా బురదయిపోతుంది. అందుకని ఎక్కువగా రెండే స్వరాలు మీటుతారు. షడ్జమం, పంచమం. మన భజన మందిరంలో శ్రుతిపెట్టెలో మోగేదీ ఆ స, ప రెండే. అక్కడ నెమ్మదిగా నిలబడి ఉంటాయి, ఇక్కడ పరిగెడతాయి. పాట మూడు నిమిషాల్లో అయిపోతుంది. సంగీతం పెద్దగా రాని కుర్రాడు కూడా నెల రోజులు కష్టపడితే వాయించగలడు. అదే దాని బలం.

1970లలో న్యూయార్కు, లండన్ కుర్రాళ్ళు మొదలుపెట్టిన పంక్ కోపంగా ఉండేది. దానికి నోట్లో ఆడే వరసలు కలిపితే పాప్ పంక్. గ్రీన్ డే అనే ముగ్గురి బ్యాండు 1994లో తెచ్చిన 'డూకీ' ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడుపోయింది. శాన్ డియేగో పక్కన పోవే అనే ఊరి కుర్రాళ్ళ బ్యాండు బ్లింక్ 182. నేను అమెరికాలో దిగిన ఏడాది రేడియోలో వాళ్ళదే రాజ్యం.

ఆ పాటల్లో ఏముంటుంది? ఊళ్ళో ఏమీ తోచదు, అమ్మానాన్నలకు మన గోడు పట్టదు, ఈ ఊరు వదిలి పోవాలి. ముప్పాతిక పాటలు ఇవే. ఇరవై ఏడేళ్ళ నాకు అది నా కథే అనిపించింది. భాష వేరు, రంగు వేరు, వాళ్ళ ఊళ్ళకు తారురోడ్లూ ఇరవై నాలుగు గంటల కరెంటూ ఉన్నాయి. అయినా వాళ్ళూ పోదామనుకున్నవాళ్ళే, నేనూ పోయినవాణ్ణే. కిటికీ అద్దాలు ఎక్కించి గట్టిగా వినేవాణ్ణి. ఆ పాట నాకు గెలుపు పాట.

తర్వాత పెళ్ళయింది, ఇల్లు కొన్నాం, 2006లో అమ్మాయి పుట్టింది. పాట దానంతట అదే పక్కకు జరిగింది. 2004లో గ్రీన్ డే 'అమెరికన్ ఇడియట్' తెస్తే ఆఫీసులో కుర్రాళ్ళు చెప్పుకోవడమే తప్ప నేను కొనలేదు. ఇంటి అప్పు కట్టేవాడికి అమ్మానాన్నల మీద అలిగే పాటలు ఎందుకు? కొన్నాళ్ళకు నేనే నాన్ననయ్యాను. కారులోకి ఘంటసాలగారు వచ్చారు, బాలుగారు తిరిగి వచ్చారు. దూరం పెరిగేకొద్దీ మనిషి పాతపాట వైపు నడుస్తాడనుకుంటాను. ఇక్కడ ఉన్నప్పుడు నేను త్యాగరాజ కీర్తన కూర్చుని విన్న పాపాన పోలేదు. డల్లస్‌లో టిక్కెట్టు కొని విన్నాను.

2020 సెప్టెంబరు 25న బాలుగారు పోయారు. ఆ రోజు మనందరి ఇళ్ళలోనూ ఒకటే పరిస్థితి. లాక్‌డౌన్ల కాలం. నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. అమ్మ ఇక్కడ, నేను అక్కడ, మధ్యలో విమానాలు లేవు. రోజూ ఫోను చేసేవాణ్ణి. ఒకరోజు అమ్మ, 'నువ్వు పోయింది మంచికే నాయనా, కానీ ఇంత దూరం పోతావనుకోలా' అంది. అంతే అంది.

మరుసటి ఏడు మా అమ్మాయి గదిలోంచి ఆ పాత మోత మళ్ళీ వినిపించింది. ఒలివియా రోడ్రిగో అనే పద్ధెనిమిదేళ్ళ అమ్మాయి 2021లో తన తొలి ఆల్బమ్‌తో ఆ బాణీని మళ్ళీ పైకి తెచ్చింది. మా అమ్మాయి అక్కడినుంచి వెనక్కి తవ్వుకుంటూ గ్రీన్ డే దగ్గరికి చేరింది. ఒకరోజు కారులో పెడితే నేను చరణం అందుకున్నాను. 'నాన్నా, నీకెలా తెలుసు?' అని నోరు తెరిచింది. బ్యారన్ దగ్గర రాత్రుళ్ళ సంగతీ, వైటూకే సంగతీ ఆ రోజే మొదటిసారి దానికి చెప్పాను. నేను వరికుంటపాడు గురించి ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఫోను చూసుకునే పిల్ల ఆ రోజు ఫోను పక్కన పెట్టింది.

2024లో గ్రీన్ డే ఆ రెండు ఆల్బమ్‌లనూ మొదటినుంచి చివరిదాకా వాయిస్తూ స్టేడియాలు తిరిగింది. ఇద్దరం వెళ్ళాం. పాడే బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్ నా ఈడువాడే, 1972లో పుట్టాడు. తండ్రి లారీ నడిపేవాడు, జాజ్ వాయించేవాడు. 1982 సెప్టెంబరులో క్యాన్సర్‌తో పోయాడు. కొడుక్కి అప్పుడు పదేళ్ళు. 'అమెరికన్ ఇడియట్'లో ఆ తండ్రి కోసం రాసిన పాట ఒకటుంది. ఇరవై ఏళ్ళ కిందట నేను కొనని ఆల్బమ్‌లో, అలిగే పాటల మధ్య, నాన్న లేని పిల్లవాడి పాట ఉంది. స్టేడియంలో వేలమంది ఒక్క గొంతుతో పాడారు. నేనూ పాడాను. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మా బ్యాచ్ మిత్రుడొకడికి ఆ పాటలు వినిపించాను. మైకు సెట్టు అద్దెకిచ్చేవాడు వాడు. ఈ రోజు ఈ మైకు కూడా వాడిదే. పేరు చెప్పొద్దన్నాడు. టీకొట్టు దగ్గర ఫోను చెవి దగ్గర పెట్టుకుని రెండు పాటలు విన్నాడు.

'ఏంది రా ఇది, మన పలకల మాదిరే ఉండాది. ఏం చెప్తుండాడు?' అన్నాడు.

'ఈ ఊళ్ళో ఉండలేను, పోతాను అంటున్నాడు' అన్నాను.

వాడు టీ తాగడం అయ్యేదాకా మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: 'పోయినోడి పాట బాగానే ఉండాది. ఉన్నోడి పాట ఎవురన్నా రాసినారా?'

నా దగ్గర జవాబు లేదు. విమానంలో తిరిగి వెళ్తూ అదే ఆలోచించాను. ఆ పాటలన్నింటిలోనూ ఒక స్నేహితుడు ఉంటాడు. ఊళ్ళోనే ఆగిపోయినవాడు. వాడి గొంతు మాత్రం వినిపించదు. పాతికేళ్ళు విన్నా వాడి వైపు నా చెవి పోలేదు. ఇప్పుడు ఏ పాట పెట్టినా నాకు ముందు వాడే వినిపిస్తున్నాడు.

జవాబు లాంటిది ఒకటి పాట బయట దొరికింది. కాలిఫోర్నియాలో బర్క్లీ అనే ఊరు. అక్కడ గిల్మన్ వీధిలో 1986 డిసెంబరు 31న ఒక చిన్న హాలు తెరిచారు. నడిపేది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు. లోపల మందు ఉండదు. మన ఊరి భజన మందిరం లెక్క అనుకోండి. గ్రీన్ డే కుర్రాళ్ళు పెరిగింది అక్కడే. పెద్ద కంపెనీతో ఒప్పందం ఉన్న బ్యాండుకు అక్కడ చోటు లేదన్నది అప్పటి హాలు నియమం. 1993లో వీళ్ళు పెద్ద కంపెనీతో సంతకం చేశారు. తలుపు మూసుకుంది. లోకమంతా తిరిగి, కోట్లు గడించి, 2015లో ఒక సహాయ కచేరీ కోసం మళ్ళీ ఆ హాల్లోనే వాయించారు. అందరూ చెప్పుకునేది గ్రీన్ డే తిరిగి రావడం గురించి. నేను అడిగేది ఒకటే. ఆ ఇరవై రెండేళ్ళూ ఆ హాలును ఊడ్చి, దీపం పెట్టి, అద్దె కట్టి నిలబెట్టినవాళ్ళు ఎవరు? వాళ్ళు లేకపోతే తిరిగి రావడానికి చోటేదీ?

ఈ బడి విషయమూ అంతే. పూర్వ విద్యార్థుల సభ అంటే పోయినవాళ్ళు దిగి వచ్చే పండగ అనుకుంటాం. శాలువాలూ మాకే కప్పుతారు. బడి గోడ పడితే కట్టించింది, మాస్టారు లేకపోతే వచ్చి లెక్కలు చెప్పింది, ఈ షామియానా వేసింది ఉన్నవాళ్ళు. మా అమ్మకు అర్ధరాత్రి ఆయాసం వస్తే ఉదయగిరి ఆసుపత్రికి తీసుకుపోయింది కూడా ఉన్నవాడే. అందుకని నాకు కప్పిన శాలువాను ఈ మైకు వెనక కూర్చున్నవాడికి కప్పమని అధ్యక్షులవారిని కోరుతున్నాను. వాడు లేచి పారిపోకుండా ఎవరైనా పట్టుకోండి.

చివరగా ఒక ప్రతిపాదన. బడిలో ఒక గదిని పాటల గది చేద్దాం. హార్మోనియం, డోలక్, పలకలు, రెండు గిటార్లు, ఒక చిన్న మైకు సెట్టు. ఖర్చు బయట ఉన్నవాళ్ళం పెట్టుకుంటాం. మా బ్యాచ్ వాట్సాప్‌లో ఇప్పటికే ఒప్పుకున్నారు. తాళంచెవి మాత్రం ఊళ్ళో ఉన్నవాళ్ళ దగ్గర ఉండాలి. ఏ పాట పాడాలో మనం చెప్పొద్దు. పిల్లలు మోత చేస్తారు, చేయనీయండి. ఊరు వదిలి పోతానని పాట కడతారు, నొచ్చుకోకండి. మనమూ ఆ వయసులో అదే పాడాం. వాళ్ళలో ఒక్కరైనా ఉన్నోడి పాట కడితే నాకు పంపండి. మా అమ్మాయి దాన్ని గిటారు మీద నేర్చుకుంటానంది. స, ప రెండూ వచ్చు దానికి.